మిరప ఆరబోత షెడ్డులో ఎల్‌ఎం35, ఆర్డుయినో: కాంటాక్టర్ ఎందుకు కొట్టుకుంటోంది, ప్రోగ్రామ్ ఎలా రాయాలి

ముందుగా మీరు అడిగిన విషయాన్ని క్లుప్తంగా చెప్పి జవాబులోకి వస్తాను. ప్రత్తిపాడు దగ్గర మీ పొలంలో మిరపకాయలు ఆరబెట్టడానికి పాలికార్బనేట్ రేకులతో షెడ్డు వేశారు. లోపలి వేడిని చూడడానికి ఎల్‌ఎం35 సెన్సర్, దాన్ని చదవడానికి ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), 2 రిలేలున్న బోర్డు ఒకటి పెట్టారు. ఒక రిలే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను నడుపుతుంది, రెండోది కాంటాక్టర్ (పెద్ద కరెంటును మోసే పెద్ద రిలే) ద్వారా 2 కిలోవాట్ల హీటర్‌ను నడుపుతుంది. వేడి 55 డిగ్రీలు దాటితే ఫ్యాన్ తిరగాలి, 50 కన్నా తగ్గితే హీటర్ వెలగాలి అని ప్రోగ్రామ్ రాసి, సెకనుకోసారి రీడింగ్ తీసుకుంటున్నారు. ఇంట్లో లాప్‌టాప్‌కు తగిలించినప్పుడు ఒక లెక్క, షెడ్డులో మొబైల్ చార్జర్‌తో నడిపినప్పుడు ఇంకో లెక్క చూపుతోందనీ, 50 డిగ్రీల దగ్గర కాంటాక్టర్ సెకనుకోసారి పడుతూ లేస్తూ ఉందనీ, ఒక రాత్రి సెన్సర్ తీగ ఊడిపోయి హీటర్ తెల్లవారేదాకా ఆగకుండా నడిచిందనీ, పొద్దున చూస్తే కాయ నల్లబడి తాలు కింద కట్టాల్సి వచ్చిందనీ రాశారు. మీ నాన్నగారు ఇక ఈ పెట్టె వద్దు, కళ్లంలోనే ఆరబోద్దాం అంటున్నారని కూడా రాశారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 20 ఏళ్ళకు పైగా కంట్రోల్ ప్యానెళ్లు కడుతున్నాను. మీ పెట్టె పనికిరానిది కాదు. మీరు కొన్న భాగాలతోనే ఇది నమ్మకంగా నడుస్తుంది. అయితే మీ ప్రోగ్రామ్, సెన్సర్ నుంచి వచ్చిన ప్రతి అంకెనూ ఉష్ణోగ్రతగానే నమ్మి, ఆ క్షణంలోనే రిలేకు ఆజ్ఞ ఇచ్చేస్తోంది. వచ్చిన అంకె నమ్మదగినదా, నమ్మదగినదైతే ఇప్పుడే స్పందించాలా అన్న రెండు ప్రశ్నలు మధ్యలో లేవు. మీ మూడు ఇబ్బందులూ ఈ లోటు నుంచే పుట్టాయి.

మీరు చివర్లో యథాలాపంగా రాసిన ఒక వాక్యం నాకు చాలా ఉపయోగపడింది. ఫ్యాన్ రిలే 55 దగ్గర ఎప్పుడో ఒకసారి తడబడుతుంది గానీ, హీటర్ కాంటాక్టర్ మాత్రం 50 దగ్గర విడవకుండా కొట్టుకుంటుంది అన్నారు. సెన్సర్ చెడిపోయి ఉంటే రెండూ ఒకేలా కొట్టుకోవాలి. ఒకటే కొట్టుకుంటోందంటే, రిలే పడడం (అంటే ఆన్ కావడం) వల్లనే రీడింగ్ మారుతోందన్న మాట. అది ఎలా జరుగుతుందో చూద్దాం.

ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో ఉన్న ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) 10 బిట్లది. అది పిన్ మీద ఉన్న వోల్టేజీని రిఫరెన్స్ వోల్టేజీతో పోల్చి 0 నుంచి 1023 వరకు ఒక అంకె ఇస్తుంది. మీరేమీ మార్చకపోతే ఆ రిఫరెన్స్ బోర్డుకు అందుతున్న 5 వోల్టుల సరఫరాయే. అంటే అనలాగ్‌రీడ్ (ఏడీసీ అంకెను చదివే ఫంక్షన్) చెప్పేది సెన్సర్ ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తోందో కాదు, సరఫరాలో అది ఎన్నో వంతో. సరఫరా నిజంగా 5.000 వోల్టులు ఉన్నంతవరకే మీ ప్రోగ్రామ్‌లోని గుణకారం సరైనది. ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి 55 డిగ్రీల దగ్గర 550 మిల్లీవోల్టులు వస్తాయి. లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి బోర్డుకు 4.7 వోల్టులే అందుతున్నాయనుకోండి. ఏడీసీ 119 ఇస్తుంది, మీ ప్రోగ్రామ్ దాన్ని 58 డిగ్రీలుగా చూపుతుంది. అదే సెన్సర్, అదే వేడి, చార్జర్ 5.1 వోల్టులు ఇస్తే ఏడీసీ 110 ఇస్తుంది, తెర మీద 53.7 కనబడుతుంది. మీరు చెప్పిన 3, 4 డిగ్రీల తేడా ఇదే. సెన్సర్‌ను మార్చి డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

ఇప్పుడు కాంటాక్టర్ సంగతి. మీ రిలే బోర్డులోని ఒక్కో 5 వోల్టుల కాయిల్ సుమారు 70 మిల్లీయాంపులు లాగుతుంది. మొబైల్ చార్జర్‌కు తగిలించిన సన్నటి కేబుల్‌లో అంత కరెంటు అదనంగా నడిస్తే సరఫరా కొద్దిగా కిందికి జారుతుంది. 5 వోల్టులు 4.9 అయినా చాలు, నిజంగా 50 ఉన్న వేడి 51గా కనిపిస్తుంది. దీనికి తోడు, మీరు పంపిన ఫొటోలో చూస్తే సెన్సర్ నల్ల తీగను రిలే బోర్డు గ్రౌండ్ స్క్రూ కిందనే బిగించారు. అక్కడి నుంచి ఊనో దాకా వెళ్ళే ఒకే తీగలో కాయిల్ కరెంటూ, సెన్సర్ గ్రౌండూ కలిసి నడుస్తున్నాయి. ఆ తీగకూ, దాని కొసనున్న జంపర్ పిన్నుకూ కలిపి 0.2 ఓమ్‌ల నిరోధం ఉన్నా 70 మిల్లీయాంపులకు 14 మిల్లీవోల్టులు పడతాయి. ఎల్‌ఎం35 లెక్కలో 14 మిల్లీవోల్టులంటే 1.4 డిగ్రీలు. సెన్సర్ గ్రౌండ్ ఆ మేరకు పైకి లేస్తుంది కాబట్టి రీడింగ్ కూడా పైకే లేస్తుంది.

రెండు తప్పులూ ఒకే దిక్కుకు తోస్తున్నాయి చూడండి. వేడి 49.9 కాగానే హీటర్ రిలే పడుతుంది. పడగానే రీడింగ్ రెండు డిగ్రీలకు పైగా ఎగిరి 52 అవుతుంది. మరుసటి సెకనులో ప్రోగ్రామ్ 52 చూసి హీటర్ ఆపేస్తుంది. కాయిల్ కరెంటు ఆగగానే రీడింగ్ మళ్ళీ 49.9కు దిగుతుంది. షెడ్డులో గాలి ఒక్క పిసరు కూడా వేడెక్కకుండానే ఈ ఆట రాత్రంతా నడుస్తుంది. ఫ్యాన్ విషయంలో ఇదే తప్పు మేలు చేస్తోంది. 55 దాటగానే రిలే పడి రీడింగ్ ఇంకా పైకి పోతుంది కాబట్టి, ఫ్యాన్ వెంటనే ఆగదు. ఇది తెలిశాక మీ పెట్టెలో దయ్యమేమీ లేదని మీ నాన్నగారికి చెప్పవచ్చు.

కాబట్టి పని తీగలతో మొదలుపెట్టండి. ప్రోగ్రామ్‌లో ఎంత తెలివి పెట్టినా గ్రౌండ్ తీగలో పడే వోల్టేజీని అది చూడలేదు. సెన్సర్ గ్రౌండ్‌కు ఊనో గ్రౌండ్ పిన్ దాకా విడిగా ఒక తీగ వేయండి, దాంట్లో ఇంకే కరెంటూ నడవకూడదు. రిలే బోర్డుకు చార్జర్ నుంచి నేరుగా సరఫరా, గ్రౌండ్ ఇచ్చి, ఊనోతో ఒక్క చోట మాత్రమే గ్రౌండ్లు కలపండి. సెన్సర్ తీగ 4 మీటర్లు ఉందన్నారు. ఎల్‌ఎం35 తన అవుట్‌పుట్ మీద 50 పికోఫారడ్లకు మించిన కెపాసిటెన్స్‌ను ఊరికే భరించలేదు, పొడవైన కేబుల్‌లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకని సెన్సర్ కాలు దగ్గరే, అంటే కేబుల్ మొదలయ్యే చోట, అవుట్‌పుట్ తీగలో 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వరుసగా అతికించండి. ఊనో చివర, అనలాగ్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఆ కెపాసిటర్ పక్కనే 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి గ్రౌండ్‌కు వేయండి. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను. 3 తీగల షీల్డ్ కేబుల్ దొరికితే మంచిది, షీల్డ్‌ను ఊనో వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. కేబుల్‌ను హీటర్ వైరుతో కలిపి ఒకే గొట్టంలో తీసుకువెళ్లవద్దు.

కాంటాక్టర్ కాయిల్ 230 వోల్టుల ఏసీది కాబట్టి దాని రెండు కొసల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్, 275 వోల్టుల ఎక్స్2 రకం 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిపి పెట్టండి. కాయిల్‌కు కరెంటు తెగినప్పుడు వచ్చే మెరుపు దెబ్బకు ఊనో రీసెట్ కావడం నేను చాలా పెట్టెల్లో చూశాను. డీసీ కాయిల్‌కు వాడే 1ఎన్4007 డయోడ్‌ను పొరపాటున కూడా ఏసీ కాయిల్ మీద పెట్టవద్దు.

ఇక రిఫరెన్స్. ఊనో చిప్‌లోనే 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్స్ ఉంది. సెటప్ భాగంలో అనలాగ్‌రిఫరెన్స్‌ను ఇంటర్నల్‌కు మార్చండి. దీంతో రెండు లాభాలు వస్తాయి. సరఫరా 4.7 అయినా 5.1 అయినా రీడింగ్ మారదు. రెండోది, 5 వోల్టుల రిఫరెన్స్‌లో ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే దాదాపు అర డిగ్రీ, 1.1లో ఒక్కో మెట్టు 1.07 మిల్లీవోల్టులు, అంటే డిగ్రీలో పదో వంతు. పై హద్దు 110 డిగ్రీలు, మన షెడ్డుకు అది ఎక్కువే. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. ఏరెఫ్ అని రాసి ఉన్న పిన్‌కు బయటి నుంచి ఏ వోల్టేజీ కలపకూడదు, కలిపితే చిప్ పాడవుతుంది.

ఈ 1.1 అన్నది కాగితం మీది అంకె. చిప్‌ను బట్టి అది 1.0 నుంచి 1.2 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. కానీ ఒక చిప్‌లో ఎంత ఉంటే అంతే నిలకడగా ఉంటుంది. కాబట్టి రిఫరెన్స్‌ను ఇంటర్నల్‌కు మార్చి, ఒక్కసారి అనలాగ్‌రీడ్ చేయించి, ఏరెఫ్ పిన్ మీద మల్టీమీటర్ పెట్టి కొలవండి. మీటర్ 1.083 చూపిందనుకోండి, 1083 మిల్లీవోల్టులు అని ఆ బోర్డు మీదే స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి, ప్రోగ్రామ్‌లో ఆ అంకెనే వాడండి. బోర్డు మారిస్తే అంకె కూడా మారాలి. రిఫరెన్స్ మార్చిన వెంటనే వచ్చే మొదటి కొన్ని రీడింగులు తప్పుగా ఉంటాయి కాబట్టి, సెటప్‌లో ఓ 20 రీడింగులు తీసి పారేయండి.

రీడింగ్ తీసే పద్ధతి గురించి కొంచెం నింపాదిగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ 10 రీడింగులు తీసి సగటు కట్టి ఊరుకుంటారు, ఆ పది ఎంతసేపట్లో తీయాలన్నది ఆలోచించరు. మన కరెంటు 50 హెర్ట్జ్. పొలంలో 4 మీటర్ల కేబుల్ మీద ఎంతో కొంత ఆ 50 హెర్ట్జ్ అల ఎక్కే ఉంటుంది. ఒక పూర్తి అలకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో సగం సేపు రీడింగ్ నిజం కంటే పైన, సగం సేపు కింద ఉంటుంది. సరిగ్గా 20 మిల్లీసెకన్ల నిడివిలో సమాన దూరాల్లో రీడింగులు తీసి కలిపితే పైదీ కిందదీ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. అదే పది రీడింగులు గబగబా ఒకే మిల్లీసెకనులో తీస్తే, అల ఎక్కడ ఉంటే అక్కడి తప్పునే పదిసార్లు చదివి సగటు కట్టినట్టు అవుతుంది. ఊనోలో ఒక్క అనలాగ్‌రీడ్‌కు సుమారు 110 మైక్రోసెకన్లు పడుతుంది. 20 మిల్లీసెకన్లను 64 భాగాలు చేస్తే ఒక్కో భాగం 312 మైక్రోసెకన్లు వస్తుంది, రీడింగ్ తీసి, మిగిలిన సేపు ఆగడానికి సరిపడా వ్యవధి ఉంది. మైక్రోస్ ఫంక్షన్ చూసుకుంటూ 312 మైక్రోసెకన్లకొకటి చొప్పున 64 తీయండి.

ఆ 64 అనే అంకెను నేను ఊరికే ఎంచుకోలేదు. ఊనోలో ఇంట్ అంటే 16 బిట్లు, 32767 దాటితే అది రుణ సంఖ్యగా మారిపోతుంది. 64 రీడింగులూ గరిష్ఠంగా 1023 వచ్చినా మొత్తం 65472, అది అన్‌సైన్డ్ ఇంట్ హద్దు అయిన 65535లో ఇమిడిపోతుంది. 65వ రీడింగ్ కలిపితే ఇమడదు. మామూలు ఇంట్‌లో కలిపితే సగం దారిలోనే తిరగబడుతుంది. అప్పుడు షెడ్డు 55 దగ్గరున్నప్పుడు ప్రోగ్రామ్‌కు రుణ సంఖ్య కనబడి హీటర్ వెలుగుతుంది. మొత్తాన్ని మిల్లీవోల్టుల్లోకి మార్చేటప్పుడు, 64ను 1024తో గుణిస్తే 65536 కాబట్టి, మొత్తాన్ని 1083తో గుణించి 65536తో భాగిస్తే చాలు. ఆ గుణకారం ఏడు కోట్ల దాకా వెళ్తుంది, దాన్ని తప్పకుండా అన్‌సైన్డ్ లాంగ్‌లో చేయాలి. వచ్చిన మిల్లీవోల్టులను 10తో భాగిస్తే డిగ్రీలు. ముందు చెప్పిన 2 కిలో ఓమ్‌లూ, 220 కిలో ఓమ్‌లూ కలిసి అవుట్‌పుట్‌ను దాదాపు 0.9 శాతం తగ్గిస్తాయి, 55 దగ్గర అది అర డిగ్రీ. ఫలితాన్ని 1.009తో గుణించి ఆ లోటు పూడ్చండి.

ఇలా వచ్చిన అంకెను ఇంకా ఉష్ణోగ్రత అని పిలవకండి. ముందు దానికి పరీక్ష పెట్టాలి. ఇక్కడే మీ హీటర్ రాత్రంతా నడిచిన సంగతి వస్తుంది. తీగ ఊడిన అనలాగ్ పిన్ గాలిలో వేలాడుతూ చుట్టుపక్కల ఏది తగిలితే ఆ అంకె చూపుతుంది. ఆ రాత్రి అది 50 కన్నా తక్కువ చూపింది, ప్రోగ్రామ్ దాన్ని చలి అనుకుని హీటర్ నడిపింది. ఇప్పుడు 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు కాబట్టి, సిగ్నల్ తీగ ఊడినా, సెన్సర్‌కు సరఫరా తీగ ఊడినా పిన్ సున్నా దగ్గరికి దిగుతుంది. సెన్సర్ గ్రౌండ్ తీగ ఊడితే అవుట్‌పుట్ సరఫరా వైపుకు ఎక్కి 1023 దగ్గర నిలుస్తుంది. మన గుంటూరు వైపు షెడ్డులో 10 డిగ్రీల కన్నా తగ్గే రాత్రి లేదు, 90 దాటే పగలూ లేదు. కాబట్టి 10కి కింద, 90కి పైన ఏది వచ్చినా అది వేడి కాదు, చలి కాదు, సెన్సర్ లోపం. ఇంకో పరీక్ష కూడా పెట్టండి. షెడ్డు నిండా ఉన్న గాలి ఒక్క సెకనులో 5 డిగ్రీలు మారదు. అంతలా మారిన రీడింగ్‌ను ఆ ఒక్కసారికి పక్కన పెట్టండి, వరుసగా 10 సార్లు అలాగే వస్తే లోపంగానే లెక్కించండి.

లోపం అని తేలితే ఏం చేయాలన్నది ప్రోగ్రామ్ రాయకముందే తేల్చుకోవాల్సిన విషయం. మీ షెడ్డులో అయితే హీటర్ ఆగాలి, ఫ్యాన్ తిరగాలి, బజర్ మోగాలి. ఒక రాత్రి వేడి అందకపోతే కాయ మరో రోజు ఆలస్యంగా ఆరుతుంది. 60 దాటిన వేడిలో రాత్రంతా ఉంటే రంగు పోతుంది, యార్డులో ఆ రంగుకే ధర. చాలా ఏళ్ళ కిందట గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి నేను కట్టిన ప్యానెల్‌లో ఈ కింది హద్దు పరీక్ష పెట్టలేదు. ఎలుక సెన్సర్ కేబుల్ కొరికింది, రీడింగ్ సున్నాకు పడింది, గది బాగా చల్లగా ఉందని నా ప్రోగ్రామ్ కంప్రెసర్‌ను ఆపేసింది. తెల్లవారుజామున గోడ మీది థర్మామీటర్ చూసిన ఆపరేటర్ గమనించకపోతే వేల టిక్కీల సరుకు వేడెక్కిపోయేది. ఆనాటి నుంచి లోపం వచ్చినప్పుడు ఏ రిలే ఏ స్థితిలో ఉండాలో సరుకు యజమానిని అడిగి, కాగితం మీద రాసుకున్నాకే ప్రోగ్రామ్ మొదలుపెడుతున్నాను. మీరు కూడా మీ నాన్నగారితో కూర్చుని అదే చేయండి. కాయ ఎంత వేడికి ఎంతసేపు ఓర్చుకుంటుందో మనిద్దరికంటే ఆయనకే బాగా తెలుసు.

పరీక్ష నెగ్గిన అంకెను కొంచెం నెమ్మదింపజేయండి. పాత విలువకూ, కొత్త రీడింగుకూ ఉన్న తేడాలో ఎనిమిదో వంతు మాత్రమే పాత విలువకు కలుపుతూ పోతే చాలు. దీనికి దశాంశ సంఖ్య వాడవచ్చు, సెకనుకోసారి చేసే లెక్కకు ఊనోకు ఏ కష్టమూ ఉండదు. పెట్టె మొదటిసారి ఆన్ అయినప్పుడు ఆ పాత విలువను సున్నాతో మొదలుపెట్టవద్దు. మొదటి మంచి రీడింగుతో మొదలుపెట్టండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్ సున్నా నుంచి మెల్లగా ఎక్కుతూ, అంతసేపూ హీటర్ నడుపుతుంది. మన పల్లెల్లో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు.

ఇప్పుడు స్పందన. ఒక్కో యంత్రానికి ఒక గీత కాదు, రెండు గీతలు కావాలి. హీటర్ 48కి దిగితే వెలగాలి, 51కి ఎక్కితే ఆరాలి. 48కీ 51కీ మధ్య ఉన్నంతసేపు, అది ఇప్పటికే వెలుగుతుంటే వెలుగుతూనే, ఆరి ఉంటే ఆరే ఉండాలి. ఫ్యాన్ 56కు తిరగాలి, 53కు ఆగాలి. మీరు రాసిన షరతులో వెలిగించు, లేకపోతే ఆపు అని రెండే దారులున్నాయి. ఏమీ చేయకు అన్న మూడో దారి లేదు. ఆ మూడో దారి ఉండడానికే రెండు విడి షరతులు రాయాలి, రెండింటికీ చెందనప్పుడు రిలేను ముట్టుకోకూడదు. గీతల మధ్య దూరం ఎంత ఉండాలన్నది మీ షెడ్డే చెబుతుంది. తీగలు సరిచేశాక కూడా కాంటాక్టర్ పడినప్పుడు రీడింగ్ ఎంత ఎగురుతోందో చూడండి, దానికి కనీసం మూడు రెట్లు దూరం ఉంచడం నా అలవాటు. కాంటాక్టర్ పడిన లేదా లేచిన తర్వాత ఓ 200 మిల్లీసెకన్ల పాటు రీడింగ్ తీయకపోవడం కూడా మంచిది.

దీని మీద కాలం హద్దు ఒకటి పెట్టండి. ఒకసారి మారిన కాంటాక్టర్ 2 నిమిషాల దాకా మళ్ళీ మారకూడదు, లోపం వచ్చి ఆపాల్సిన సందర్భం తప్ప. ఇందుకు డిలే వాడితే ఆ 2 నిమిషాలు ప్రోగ్రామ్ గుడ్డిదైపోతుంది, సెన్సర్ ఊడినా తెలియదు. మిల్లీస్ (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) వాడండి. ఇప్పటి మిల్లీస్ విలువ నుంచి చివరిసారి మార్చిన నాటి విలువను తీసివేసి, వచ్చినది 2 నిమిషాలకు మించిందా అని అడగండి. మిల్లీస్ దాదాపు 49 రోజుల 17 గంటలకు సున్నాకు తిరుగుతుంది. ఇలా తీసివేత పద్ధతిలో రాస్తే, రెండు విలువలూ అన్‌సైన్డ్ లాంగ్ అయితే, ఆ మలుపు దగ్గర కూడా లెక్క తప్పదు. ఇక్కడ చాలామందిని దెబ్బతీసే చోటు ఒకటుంది. 2 నిమిషాలను 2 ఇంటు 60 ఇంటు 1000 అని రాస్తే, కంపైలర్ ఆ గుణకారాన్ని 16 బిట్ల ఇంట్‌లోనే చేసి, 120000 బదులు మైనస్ 11072 ఇస్తుంది. 120000 పక్కన యూఎల్ అక్షరాలు చేర్చి ఒకే సంఖ్యగా రాయండి.

రిలే బోర్డు గురించి చిన్న మాట. మీది, పిన్‌కు 'లో' (0 వోల్టులు) రాసినప్పుడు రిలే పడే రకం. అలాంటప్పుడు సెటప్‌లో ముందు ఆ పిన్‌కు హై రాసి, ఆ తర్వాతే పిన్‌మోడ్‌లో అవుట్‌పుట్ అనాలి. వరుస తప్పితే బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ కాంటాక్టర్ ఒక్క దెబ్బ కొట్టి లేస్తుంది. వాచ్‌డాగ్ టైమర్‌ను 2 సెకన్లకు పెట్టి, పరీక్ష నెగ్గిన రీడింగ్ గానీ, ఆ ఒక్కసారికి పక్కన పెట్టిన రీడింగ్ గానీ, లోపం మీద తీసుకున్న చర్య గానీ పూర్తయిన చోట మాత్రమే దాన్ని రీసెట్ చేయండి. ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కున్నా చిప్ తిరిగి మొదలవుతుంది, మొదలైనప్పుడు హీటర్ ఆరి ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా హీటర్ భద్రతను ప్రోగ్రామ్ చేతిలో పెట్టవద్దని నా గట్టి మాట. 2 కిలోవాట్ల హీటర్ 8.7 యాంపులు లాగుతుంది. ఎప్పుడో ఒకనాడు కాంటాక్టర్ కొసలు అతుక్కుపోవచ్చు, అప్పుడు ఊనో ఎన్నిసార్లు ఆపు అన్నా హీటర్ ఆగదు. చుట్టూ ఎండు మిరపకాయ, పైన ప్లాస్టిక్ రేకు. ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా, 70 డిగ్రీల దగ్గర తనంతట తానే తెగే థర్మోస్టాట్ ఒకటి కొనండి. దాన్ని ఈ కాంటాక్టర్ కాయిల్‌కు వరుసగా పెడితే కొసలు అతుక్కున్న రోజున ఉపయోగపడదు, కాబట్టి హీటర్ లైనులో వరుసగా రెండో కాంటాక్టర్ పెట్టి, థర్మోస్టాట్ దాని కాయిల్‌ను తెంపేలా కలపండి. ఎంసీబీ (లోడు మించితే తెంపే బ్రేకర్), 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే బ్రేకర్), షెడ్డు ఇనుప చట్రానికి ఎర్తింగ్ తప్పనిసరి. ఈ 230 వోల్టుల పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

సెన్సర్ ఎక్కడ పెట్టారన్నది కూడా చూడండి. ఎల్‌ఎం35 తన కాళ్ళ వేడినే ఎక్కువగా కొలుస్తుంది, ప్లాస్టిక్ తలను కాదు. కాళ్ళు ఎండ తగిలే రేకుకు ఆనుకుని ఉంటే రేకు వేడి చూపుతుంది. మధ్య ట్రే ఎత్తులో, ఎండ నేరుగా పడకుండా, గాలి తగిలేలా వేలాడదీయండి. సరిచూడడానికి ఐస్ నీళ్ళు వాడవద్దు. 5 వోల్టుల సరఫరాతో మామూలుగా కలిపిన ఎల్‌ఎం35 2 డిగ్రీల కన్నా కిందికి చదవలేదు. తడి తగలకుండా హీట్‌ష్రింక్ గొట్టంలో మూసి, 40 డిగ్రీల నీళ్ళలో ఒకసారి, 60 డిగ్రీల నీళ్ళలో ఒకసారి ముంచి, మంచి థర్మామీటర్‌తో పోల్చి చూడండి. సీరియల్ మానిటర్‌లో డిగ్రీలతో పాటు 64 రీడింగుల మొత్తాన్ని కూడా అచ్చు వేయించండి. తేడా వచ్చినప్పుడు తప్పు సెన్సర్‌దా, లెక్కదా అన్నది ఆ పచ్చి అంకె చూస్తేనే తేలుతుంది.

మరొక్క సంగతి, ఇది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వేడి ఒక్కటే కాయను ఆరబెట్టదు. రాత్రి హీటర్ నడుస్తున్నప్పుడు మీ ఫ్యాన్ అసలు తిరగడం లేదు. కాయలోంచి వచ్చిన తేమ షెడ్డులోనే తిరుగుతూ ఉంటుంది. హీటర్ వెలుగుతున్నా సరే 10 నిమిషాలకోసారి 2 నిమిషాలు ఫ్యాన్ తిరిగేలా ఒక షరతు కలపండి, దాన్ని కూడా మిల్లీస్ తీసివేతతోనే రాయండి.

ముందు తీగలు మాత్రమే సరిచేసి, పాత ప్రోగ్రామ్‌తోనే ఒక గంట నడిపి చూడండి. ఆ గంటలో మూడు అంకెలు రాసి పెట్టండి: ఏరెఫ్ పిన్ మీద మల్టీమీటర్ చూపిన విలువ (దీనికి మాత్రం రిఫరెన్స్ మార్చిన చిన్న ప్రోగ్రామ్ ఒకసారి ఎక్కించాలి), కాంటాక్టర్ లేచి ఉన్నప్పుడు 5వీ పిన్ మీద వోల్టేజీ, అది పడినప్పుడు అదే పిన్ మీద వోల్టేజీ. చివరి రెండింటి మధ్య 50 మిల్లీవోల్టుల కన్నా ఎక్కువ తేడా ఉంటే చార్జర్ కేబుల్ మార్చండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే, గీతలు ఎక్కడ పెట్టాలో మీ షెడ్డుకు తగినట్టు లెక్క చూసి చెబుతాను.